ఫోన్ వీడియోతో బేస్‌బాల్ స్వింగ్ విశ్లేషణ: హిప్స్ కంటే భుజాలే ముందు తిరుగుతున్నట్టు వస్తోంది, ఈ గ్రాఫ్‌ని నమ్మొచ్చా?

నాన్న_కెమెరా:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మా అబ్బాయికి 14 ఏళ్లు, బేస్‌బాల్ అంటే ప్రాణం. నేను సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాను కానీ కంప్యూటర్ విజన్ నా పని కాదు, రెండు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని నేర్చుకుంటున్నాను. వాడి స్వింగ్‌ని ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకి 240 ఫ్రేములు) పక్క నుంచి తీసి, వీడియోలో ఒంటి కీళ్లని గుర్తించే మీడియాపైప్ పోజ్ అనే మోడల్‌కి ఇచ్చాను. అది ఒంటి మీద 33 పాయింట్లు ఇస్తుంది కదా, వాటిలో రెండు హిప్ పాయింట్లను కలిపే గీత, రెండు భుజాలను కలిపే గీత సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతున్నాయో లెక్కకట్టి గ్రాఫ్ గీశాను.

మొదట్లో వేగాలన్నీ మరీ తక్కువగా వచ్చాయి. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది, స్లో మోషన్ వీడియోని ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి పంపేటప్పుడు అది 30 ఎఫ్‌పీఎస్ ఫైల్‌గా మారిపోయింది, దాంతో అన్నీ ఎనిమిదో వంతుకి పడిపోయాయి. ఒరిజినల్ ఫైల్ తీసుకున్నాక అది సరిపోయింది.

అసలు సమస్య ఇది. ముందు హిప్స్, తర్వాత మొండెం, తర్వాత చేతులు, చివరికి బ్యాట్, ఈ వరసలో ఒక్కొక్కటీ గరిష్ఠ వేగాన్ని అందుకోవాలని అన్నిచోట్లా చదివాను. మావాడి గ్రాఫ్‌లో భుజాల శిఖరం ముందు వస్తోంది, హిప్స్ శిఖరం దాని తర్వాత 25 మిల్లీసెకన్లకి వస్తోంది. పైగా హిప్స్ గరిష్ఠ వేగం సెకనుకి 2,100 డిగ్రీలు అని చూపిస్తోంది.

ఆ గ్రాఫ్ చూసి నేను వాడితో "నీ హిప్స్ ఆలస్యంగా తిరుగుతున్నాయిరా" అనేశాను. అప్పటి నుంచి రెండు వారాలుగా వాడి ధ్యాసంతా నడుము మీదే ఉంది. పోయిన మ్యాచ్‌లో మూడుసార్లు స్ట్రైక్ అవుట్ అయ్యాడు, ఇంటికొచ్చాక అన్నం కూడా సరిగ్గా తినలేదు. నా గ్రాఫే తప్పయితే వాడికి అన్యాయం చేసినట్టే కదా. అందుకే అడుగుతున్నాను, ఈ వరసని నమ్మొచ్చా? నమ్మకూడదంటే ఎక్కడ తప్పు చేశాను?

పిక్సెల్_లెక్క:

నమ్మకండి. వరసనీ నమ్మకండి, ఆ 2,100నీ నమ్మకండి.

ముందు ఆ అంకె సంగతి. బేస్‌బాల్ స్వింగ్ మీద అందరూ చెప్పుకునే పాత అధ్యయనం 1995లో వెల్చ్ బృందం ప్రచురించింది. ఆటగాళ్ల ఒంటికి మార్కర్లు అంటించి కొలిచారు. అందులో హిప్స్ గరిష్ఠ వేగం సెకనుకి 714 డిగ్రీలు, భుజాలది 937 డిగ్రీలు, బ్యాట్ వేగం సెకనుకి 31 మీటర్లు వచ్చాయి. పద్నాలుగేళ్ల అబ్బాయి నడుము దానికి మూడు రెట్ల వేగంతో తిరగదు. కాబట్టి మీ గ్రాఫ్‌లో కనిపిస్తున్నదాంట్లో చాలా భాగం వాడి నడుము కదలిక కాదు, పాయింట్ల వణుకు.

ఆ వణుకు అంత పెద్ద అంకె ఎలా అవుతుందో చేత్తోనే లెక్క వేసి చూడండి. రెండు హిప్ కీళ్ల మధ్య దూరం సుమారు 18 సెంటీమీటర్లు అనుకుందాం. పక్క నుంచి తీసిన వీడియోలో ఏ హిప్ ముందుంది, ఏది వెనకుంది అన్నది లోతు. ఒక్క కెమెరాకి లోతు కనబడదు, మోడల్ ఊహించి చెబుతుంది. ఆ ఊహ ఒక ఫ్రేములో 2 సెంటీమీటర్లు తప్పిందనుకోండి, అది చాలా చిన్న తప్పు, వదులు ప్యాంట్ మీద అంతకంటే ఎక్కువే తప్పుతుంది. 18కి 2 అంటే కోణంలో దాదాపు 6 డిగ్రీల తేడా. ఆ తేడా ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య వస్తే, మీరు దాన్ని 240తో గుణిస్తున్నారు. 6 ఇంటూ 240, సెకనుకి 1,440 డిగ్రీలు. అసలు కదలికే 700 దగ్గర ఉంటే తప్పు దానికి రెండింతలు. శిఖరం ఎక్కడుందని వెతికితే మీకు దొరికేది ఏ ఫ్రేములో మోడల్ ఎక్కువ తడబడిందో ఆ ఫ్రేమే.

ఇంకోటి. మీడియాపైప్‌ని వీడియో మోడ్‌లో వాడితే దానంతట అదే పాయింట్లను నునుపు చేస్తుంది. ఆ సెట్టింగ్ ముందే ఆన్‌లో ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. అది గడిచిన ఫ్రేములనే చూడగలదు, రాబోయే ఫ్రేములు దానికి తెలియవు, కాబట్టి కదలిక కాస్త ఆలస్యంగా కనబడుతుంది. ఆ ఆలస్యం అన్ని పాయింట్లకీ ఒకేలా ఉండదు కూడా. 25 మిల్లీసెకన్లంటే మీ వీడియోలో ఆరు ఫ్రేములు. హిప్స్ శిఖరానికీ భుజాల శిఖరానికీ అసలు తేడానే కొన్ని పదుల మిల్లీసెకన్లు, అలాంటప్పుడు ఇది వరసనే తారుమారు చేయగలదు. ఆ సెట్టింగ్ ఆపేసి ముడి పాయింట్లు తీసుకోండి, నునుపు చేయడం తర్వాత మీ చేతుల్లో పెట్టుకోండి.

ఒక్క పని ముందు చేయండి. స్వింగ్ మధ్యలో ఒక పది ఫ్రేములు తీసి, వాటి మీద హిప్ పాయింట్లు గీసి, కళ్లతో చూడండి. వెనక హిప్ చేతుల చాటుకి వెళ్లినచోట ఎడమా కుడీ తారుమారైన ఫ్రేము కనీసం ఒకటైనా దొరుకుతుందని నా నమ్మకం.

టీ_దగ్గర_కోచ్:

నాకు ఈ కోడింగ్ రాదు, పిల్లలకి బ్యాటింగ్ నేర్పుతాను. అబ్బాయి సంగతి చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

వాడికి ఇవాళే చెప్పేయండి, నడుము గురించి ఆలోచించొద్దని. గ్రాఫ్ సరైందో కాదో తేలేదాకా ఆగకండి. గంటకి 90 మైళ్ల పైన వచ్చే బంతి పిచర్ (బంతి విసిరేవాడు) చెయ్యి వదిలాక బ్యాటర్ దగ్గరుండే ప్లేట్ చేరడానికి పట్టేది దాదాపు 0.4 సెకను. అందులో స్వింగ్‌కి పోయేది 150 మిల్లీసెకన్లు. మిగిలిందాంట్లోనే బంతిని చూడాలి, కొట్టాలా వదలాలా తేల్చుకోవాలి. మీవాడి వయసులో బంతులు అంత వేగంగా రావు, అయినా కొన్ని లీగుల్లో ప్లేట్‌కి దూరం కూడా తక్కువే, కాబట్టి వాడి దగ్గరుండే సమయం కూడా పెద్దగా ఎక్కువేమీ కాదు. ఆ కాస్త సమయంలో నడుముని గమనిస్తూ కూర్చుంటే బంతిని చూసేదెవరు? నా దగ్గర పిల్లలకి ఒంట్లో ఫలానా భాగాన్ని ఇలా తిప్పు అని చెప్పినప్పుడల్లా బిగుసుకుపోయారు. "బంతిని ఎదురుగా ఉన్న వలలో ఆ మూలకి కొట్టు" అన్నప్పుడు ఒళ్లు దానంతట అదే సర్దుకుంది.

ఇంకో మాట. ఒకే కొలత మీద పిల్లాణ్ణి తూచకండి. అమెరికా మేజర్ లీగ్‌లో 2024 నుంచి బ్యాట్ వేగాలు అందరికీ కనిపించేలా పెడుతున్నారు. సగటు గంటకి 72 మైళ్ల దగ్గర ఉంటుంది. జియాన్‌కార్లో స్టాంటన్ సగటు 81 దాటింది. లూయిస్ అరాయెజ్ ది 62, 63 దగ్గర, అందరికంటే కింద. కానీ 2022, 2023, 2024 వరసగా మూడేళ్లు, మూడు వేర్వేరు జట్లకి ఆడుతూ బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికంటే ఎక్కువ బ్యాటింగ్ సగటు) గెలిచింది ఆ అరాయెజే, ఎందుకంటే అతను బంతిని బ్యాట్‌కి సరిగ్గా మధ్యలో తగిలిస్తాడు. వేగం ఒక్కటే చూసి తీసేసి ఉంటే ఏమయ్యేది?

వీడియోలో నేనైతే చూసేవి రెండే. ముందు కాలు నేలకి ఆనిన ఫ్రేము, బంతి తగిలిన ఫ్రేము, వాటి మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి, పది స్వింగుల్లో ఆ లెక్క దగ్గరదగ్గరగా ఉందా, చెల్లాచెదురుగా ఉందా చూడండి. రెండోది తల. కాలు ఆనినప్పటి నుంచి బంతి తగిలేదాకా తల ఎంత జరుగుతోందో చూడండి. వీటికి ఏ మోడలూ అక్కర్లేదు, మీ 240 ఎఫ్‌పీఎస్ వీడియో, ఒక వేలు చాలు.

కీలు_కండరం:

నేను బయోమెకానిక్స్ విద్యార్థిని. పైన ఇద్దరూ చెప్పినదాంతో ఏకీభవిస్తాను, అయితే ఈ పని మానేయమని మాత్రం అనను. సరిగ్గా చేస్తే ఇంట్లో ఉన్న ఫోన్లతో కూడా చాలావరకు కొలవొచ్చు. కాకపోతే ఒక్క కెమెరాతో పక్క నుంచి తీసి నడుము తిరుగుడు కొలవడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఆ తిరుగుడంతా నేలకి సమాంతరంగా జరుగుతుంది, మీ కెమెరా దాన్ని అంచు నుంచి చూస్తోంది. మేజర్ లీగ్ స్టేడియాల్లో 2020 నుంచి హాక్-ఐ వాళ్ల 12 కెమెరాలు చుట్టూ పెట్టారు. బ్యాట్‌ని పట్టుకోవడానికి వాటిలో కొన్నింటిని 300 ఎఫ్‌పీఎస్‌కి పెంచారు. అన్ని కోణాల నుంచి చూస్తే తప్ప లోతు తేలదు కాబట్టే అదంతా.

మీకు 12 అక్కర్లేదు. రెండు ఫోన్లు చాలు, ఒకదాని చూపుకీ ఇంకోదాని చూపుకీ మధ్య 60 నుంచి 90 డిగ్రీలు ఉండేలా స్టాండ్ల మీద పెట్టండి. చదరంగం బోర్డు గళ్లు ముద్రించిన అట్టని రెండింటికీ కనిపించేలా తిప్పుతూ తీసి, ఓపెన్‌సీవీ అనే ఉచిత లైబ్రరీతో క్యాలిబ్రేట్ చేయండి, అంటే ఏ ఫోన్ ఎక్కడుందో, ఎటు చూస్తోందో లెక్కగట్టండి. రెండు వీడియోల్లోని పాయింట్లను కలిపి త్రీడీ చేసే పని కొత్తగా రాయక్కర్లేదు, పోజ్2సిమ్, ఓపెన్‌క్యాప్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి.

షట్టర్ మర్చిపోకండి. అందరూ ఎఫ్‌పీఎస్ చూసుకుని దీన్ని వదిలేస్తారు. బ్యాట్ కొన సెకనుకి 31 మీటర్లు పోతుంటే, వెలుతురు తక్కువై ఫోన్ షట్టర్‌ని సెకనులో 240వ వంతు తెరిచి ఉంచితే, ఆ ఒక్క ఫ్రేములోనే కొన 13 సెంటీమీటర్లు జరిగిపోతుంది, మీకు కనిపించేది బ్యాట్ కాదు, ఒక మబ్బు. 2,000వ వంతుకి తగ్గిస్తే ఆ చెరుపు సెంటీమీటరున్నరకి దిగుతుంది. దానికి మంచి ఎండ కావాలి, షట్టర్‌ని మనమే పెట్టుకోగలిగే కెమెరా యాప్ కావాలి.

బ్యాట్‌ని పోజ్ మోడళ్లు చూడవు. వస్తువులను గుర్తించే మామూలు మోడళ్లకి బేస్‌బాల్ బ్యాట్ తెలుసు, ఎందుకంటే వాటికి నేర్పడానికి వాడే కోకో అనే ఫొటోల డేటాసెట్‌లోని 80 రకాల్లో అదీ ఒకటి, కానీ అవి ఇచ్చేది చుట్టూ ఒక డబ్బా. డబ్బాలో బ్యాట్ ఏ మూల నుంచి ఏ మూలకి ఉందో తెలియదు. ఒక 300 ఫ్రేముల్లో పిడి చివర, బ్యారెల్ చివర మీరే గుర్తుపెట్టి, ఆ రెండు పాయింట్లనే వెతికే చిన్న కీపాయింట్ మోడల్‌ని ట్రైన్ చేయడం మేలు. చెరిగిపోయిన ఫ్రేములను కూడా తప్పకుండా చేర్చండి, రేపు మీకు కావలసింది సరిగ్గా ఆ ఫ్రేములే.

నునుపు చేయడం గురించి. నాలుగో ఆర్డర్ బటర్‌వర్త్ ఫిల్టర్‌ని (డేటాలోని వణుకుని తగ్గించే లెక్క) ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి నడిపితే ఆలస్యం పోతుంది. కానీ బంతి తగిలే చోట జాగ్రత్త. బంతి బ్యాట్‌ని అంటుకుని ఉండేది ఒక మిల్లీసెకను కూడా ఉండదు, ఆ దెబ్బకి బ్యాట్ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఫిల్టర్ ఆ పడిపోవడాన్ని ముందు ఫ్రేముల మీదకి కూడా పులిమేస్తుంది, దాంతో వేగం తగ్గి, శిఖరం ముందుకి జరిగినట్టు కనిపిస్తుంది. బంతి తగిలే ముందు ఫ్రేము దగ్గర డేటాని కత్తిరించి ఆ తర్వాతే ఫిల్టర్ వేయండి.

ఇంకా ముఖ్యమైనది, మీ భుజాల గీత మొండెం కాదు. చెయ్యి ముందుకి చాపితే భుజం పాయింట్ ముందుకొస్తుంది, ఛాతీ తిరగకపోయినా సరే. మీ గ్రాఫ్‌లో భుజాలు ముందు రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

చివరగా ఒక మంచి దారి. డ్రైవ్‌లైన్ అనే బేస్‌బాల్ శిక్షణ సంస్థ వాళ్లు ఓపెన్‌బయోమెకానిక్స్ పేరుతో బ్యాటర్ల మోషన్ క్యాప్చర్ డేటాని అందరికీ ఉచితంగా పెట్టారు. మీ కోణాల కోడ్‌ని ముందు ఆ డేటా మీద నడపండి. అక్కడ వరస సరిగ్గా వచ్చి మీవాడి వీడియోలో రాకపోతే తప్పు పాయింట్లలో ఉంది. అక్కడ కూడా రాకపోతే తప్పు మీ కోడ్‌లో ఉంది. ఈ రెండూ విడదీయకుండా వెతికితే నెలలు గడిచిపోతాయి.

నాన్న_కెమెరా:

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి.

కోచ్ గారూ, మీ పోస్ట్ చదివిన రాత్రే వాడితో మాట్లాడాను. గ్రాఫ్ తప్పు, నీ నడుము తప్పు కాదని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే ముందులాగే ఆడొచ్చా?" అని అడిగాడు. ఆడమన్నాను.

పిక్సెల్ గారూ, మీరన్నది నిజమే. పది ఫ్రేములు తీసి చూస్తే మూడింటిలో ఎడమ హిప్, కుడి హిప్ తారుమారయ్యాయి. నా శిఖరం సరిగ్గా వాటిలో ఒకదాని మీదే ఉంది.

ఓపెన్‌బయోమెకానిక్స్ డేటాలో నేను చూసిన స్వింగుల్లో నా కోడ్‌కి వరస బాగానే వచ్చింది, ముందు హిప్స్, తర్వాత మొండెం. అది చూశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత రెండు ఫోన్లు పెట్టాను, షట్టర్ 2,000వ వంతు, ఎండలో. బ్యాట్ రెండు చివరలకీ మోడల్ ట్రైన్ చేశాను, రెండు ఫోన్లనీ బంతి తగిలిన చప్పుడుతో కలిపాను. ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. వాడి బ్యాట్ 31 అంగుళాలు, అంటే 79 సెంటీమీటర్లు. త్రీడీలో ఆ రెండు చివరల మధ్య దూరం కొలిస్తే వాడు నిలబడి ఉన్నప్పుడు 78, 79, 80 వస్తోంది. స్వింగ్ మొదలయ్యాక 68 నుంచి 91 దాకా ఊగుతోంది. క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలా?

పిక్సెల్_లెక్క:

క్యాలిబ్రేషన్ జోలికి వెళ్లకండి, అది బాగుంది. అది తప్పయితే బ్యాట్ కదలకుండా ఉన్నప్పుడు కూడా పొడవు తప్పే రావాలి. నిలబడితే సరిగ్గా వచ్చి, వేగం పెరిగేకొద్దీ తప్పుతోందంటే రెండు ఫోన్లూ ఒకే క్షణాన్ని చూడటం లేదన్నమాట. ఒక ఫోన్ బ్యాట్‌ని ఒక చోట చూస్తోంది, రెండోది కొంచెం తర్వాత ఇంకో చోట చూస్తోంది, మీరు ఆ రెండింటినీ కలిపి ఎక్కడా లేని బ్యాట్‌ని కడుతున్నారు.

ఫోన్లు బంతి తగిలే చోటి నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయి?

నాన్న_కెమెరా:

ఒకటి 3 మీటర్లు, రెండోది 6 మీటర్లు.

పిక్సెల్_లెక్క:

అదే మరి. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 3 మీటర్ల తేడాకి దాదాపు 9 మిల్లీసెకన్లు, మీ వీడియోలో రెండు ఫ్రేములు. వాడి బ్యాట్ కొన సెకనుకి 25 మీటర్లు పోతున్నా ఆ కాస్త సమయంలో 22 సెంటీమీటర్లు జరుగుతుంది.

చప్పుడు బదులు వెలుగు వాడండి. రెండు ఫోన్లకీ కనిపించే చోట ఒక టార్చ్ ఒక్కసారి వెలిగించి ఆర్పండి, అది వెలిగిన ఫ్రేముని రెండింట్లోనూ పట్టుకోండి. లేదా రెండు ఫోన్లనూ టీకి (బంతిని పెట్టి కొట్టే స్టాండ్) సమాన దూరంలో పెట్టండి. అప్పుడు కూడా అర ఫ్రేము తేడా మిగులుతుంది, ఎందుకంటే రెండు ఫోన్ల షట్టర్లు ఒకే లయలో తెరుచుకోవు. దానికి మీ బ్యాటే మందు. ఒక వీడియోని ఫ్రేములో పదో వంతు చొప్పున ముందుకీ వెనక్కీ జరుపుతూ, మధ్య విలువలు లెక్కగట్టి, ఏ జరుపుకి బ్యాట్ పొడవు స్వింగ్ అంతటా 79కి దగ్గరగా నిలుస్తుందో వెతకండి. ఒకే టేక్‌లో నాలుగైదు స్వింగులు తీసి, ఒకటి రెండింటి మీద ఆ జరుపు తేల్చి, మిగతా వాటి మీద పరీక్షించండి. అన్నింటి మీదా సర్దేస్తే నిజంగా సరిపోయిందో, మీరు సరిపెట్టారో తెలియదు.

బ్యాట్ పొడవు నిలవని ఫ్రేములో హిప్స్ కోణాన్ని కూడా వాడొద్దు.

కీలు_కండరం:

హిప్స్‌కి ఇంకో చిన్న చిట్కా చెప్తాను. టీ మీద సాధన చేసేటప్పుడు మాత్రమే, బెల్ట్ వెనక వైపు తేలికైన 40 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పుల్లని అడ్డంగా కట్టి, రెండు చివరలా ముదురు రంగు స్టిక్కర్లు అంటించండి. ఒక ఫోన్‌ని బ్యాటర్ వెనక వైపుకి జరపండి, పుల్ల కనబడాలి. 18 సెంటీమీటర్ల మీద ఒక సెంటీమీటరు తప్పితే 3 డిగ్రీలు పోతాయి, 40 మీద తప్పితే డిగ్రీన్నరే పోతుంది. పైగా స్టిక్కర్ ఎక్కడుందో మోడల్ ఊహించక్కర్లేదు, రంగు కనబడుతుంది. ఛాతీ వెనక కూడా అలాగే ఒకటి కడితే భుజాల గొడవ కూడా తీరుతుంది.

నాన్న_కెమెరా:

అన్నీ చేశాను. టార్చ్ వెలిగించి, ఆ అర ఫ్రేము సర్దుబాటు చేశాక, పరీక్షకి పెట్టుకున్న స్వింగుల్లో బ్యాట్ పొడవు 77 నుంచి 81 మధ్యకి వచ్చింది. నడుముకీ వీపుకీ పుల్లలు కట్టి 11 స్వింగులు తీశాం. రెండింటిలో వెనక ఫోన్‌కి స్టిక్కర్ సరిగ్గా కనబడలేదు, అవి తీసేశాను. మిగిలిన 9లోనూ హిప్స్ శిఖరమే ముందు వచ్చింది, మొండెం దాని తర్వాత ఐదు నుంచి తొమ్మిది ఫ్రేములకి వచ్చింది. హిప్స్ గరిష్ఠ వేగం 560కీ 640కీ మధ్య ఉంది.

వాడికి ఈ గ్రాఫ్ చూపించలేదు. కోచ్ గారు చెప్పిన లెక్క మాత్రం ఇద్దరం కలిసి ఫ్రేము ఫ్రేముగా చేశాం, కాలు ఆనినప్పటి నుంచి బంతి తగిలేదాకా. టీ మీద దాదాపు ఒకేలా ఉంది. నేను విసిరిన బంతులకి మాత్రం 38 ఫ్రేముల నుంచి 55 దాకా పోతోంది. అది వాడే వేలితో లెక్కపెట్టి, "నాన్నా, స్లో బంతికి నేను కాలు ముందే పెట్టేస్తున్నాను" అన్నాడు.

టీ_దగ్గర_కోచ్:

వాడే కనిపెట్టాడు చూశారా! ఇక మీరేమీ చెప్పకండి. వారం రోజులు ఒక స్లో బంతి, ఒక ఫాస్ట్ బంతి కలిపి వేయండి, ఏది వస్తుందో ముందు చెప్పకుండా. ఆ తర్వాత మళ్లీ ఫ్రేములు లెక్కపెట్టి ఇక్కడ రాయండి.